మిద్దె మీది గడ్డి

ఇదంతా ఫోన్‌లో ఎడమచేతి బొటనవేలితో కొడుతున్నాను. కుడిచెయ్యి ఒళ్లో ఉంది. అది చెంచా పట్టుకుంటుంది, చీపురు పట్టుకోదు. డాక్టరుగారు ఇంకో ఏడాది చూద్దామంటారు. ఆయన "చూద్దాం" అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది, ఆయన తప్పేమీ లేకపోయినా.

రాయడానికి రెండు కారణాలున్నాయి. జ్వరమో విరేచనాలో తగ్గిన కొన్నాళ్లకు ఎవరికైనా రెండు పాదాలకూ ఒకేసారి తిమ్మిర్లు మొదలై పైకి పాకుతుంటే, దయచేసి నాలాగా నూనె రాసుకుని పడుకోకండి. ఆ రోజే దవాఖానకు పోండి. ఇది మొదటిది. రెండోది, నేనొక తప్పు ఒప్పుకోవాలి. జబ్బు రావడం నా తప్పు కాదని ఇప్పుడు నమ్ముతున్నాను. ఈ తప్పు వేరే.

కోస్గిలో మాకు ఫ్లెక్సీల దుకాణం ఉంది. మా ఆయన శ్రీను మిషన్ చూసుకుంటాడు, నేను కంప్యూటర్ మీద డిజైన్ చేస్తాను. పుట్టినరోజులు, పెళ్లిళ్లు, పదకొండో రోజులు. బతికున్నవాళ్ల చుట్టూ గులాబీలు, పోయినవాళ్ల చుట్టూ తామరపూలు. చాలా ఏళ్లు నాకు తెలిసిన కళ అంతే. కరోనా వచ్చి దుకాణం మూతపడ్డప్పుడు ఒకరోజు మందులకని పోతూ బస్టాండు చూశాను. మనిషి లేడు. సిమెంటు పగుళ్లలోంచి గరిక జానెడెత్తు లేచింది. ఎందుకో ఆ గరిక నన్ను వదల్లేదు. ఇంటికొచ్చి బస్టాండు ఫొటో మీద తుమ్మచెట్లు గీశాను, కొమ్మలు బస్సు కిటికీల్లోంచి బయటికొచ్చినట్టు. ఇక ఆగలేదు. ఆఫీసు బీరువాలో పుట్టగొడుగులు, మా మిషన్‌లోంచి ఫ్లెక్సీకి బదులు పొట్లతీగ, మా వంటింట్లో గ్యాస్ పొయ్యి మీద నెమలి గుడ్లు.

ఆ గుడ్ల బొమ్మ చూసి మా అత్తగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు నిలదీసింది.

"మంది ఇండ్లు కట్టుకుంటానికి బొమ్మలేపిచ్చుకుంటరు. నువ్వేందే, కట్టినయి కూలగొడ్తవు?"

"కూలగొడ్తలేనత్తమ్మా. మనం లేకపోతె ఎట్లుంటదో చూస్తున్న."

"మనమెందుకు ఉండం?"

మా దిక్కున ఎవరినైనా కడుపుమండి తిట్టాలంటే నీ ఇంట్లో జిల్లేళ్లు మొలవ అంటారు. నేను ఆ తిట్టునే కూర్చుని రంగుల్లో గీస్తున్నానని ఆమె బాధ. నాకది అప్పుడు నవ్వులాటగా ఉండేది. బొమ్మలు నెట్‌లో పెడితే ఎక్కడెక్కడివాళ్లో మెచ్చుకునేవాళ్లు. ఊళ్లో ఫ్లెక్సీల స్వరూపనైన నన్ను మేడమ్ అని పిలిచారు. తల తిరిగింది, ఒప్పుకుంటున్నాను.

మా పక్కిల్లు ఎల్లమ్మ పెద్దమ్మది. మా పుట్టింటి వైపు వరస కలిపి పెద్దమ్మ అంటాను. రాతిగోడల మట్టి మిద్దె అది, ఆమె భర్త మల్లయ్య పెదనాయన వయసులో ఉండగా తన చేతులతో దూలాలెత్తి కట్టుకున్నది. వాళ్లిద్దరూ పూనాకు బిల్డింగు పనికి పోతారు. పోయేముందు పెద్దమ్మ తాళంచెవి నా చేతిలో పెట్టి ప్రతిసారీ అవే మాటలు చెప్పేది.

"మంగళారం, శుక్రారం వాకిలూడ్చి పెండనీళ్ల సాన్పు సల్లు బిడ్డా. ముగ్గు రెండు గీతలైనా సాలు. మిరుగం కార్తె వానలు రాకముందే మిద్దె మీది గడ్డి పీకిచ్చి సౌడు మన్ను పోయించు. ఏర్లు దిగితె నీళ్లు దిగుతయి. నీళ్లు దిగితె ఇల్లుండదు."

కొన్నేళ్లు ఆమె చెప్పినట్టే చేశాం. వాకిలి నేను ఊడ్చేదాన్ని, మిద్దె శ్రీను చూసేవాడు.

నేను జబ్బుపడ్డ ఏడాది ఎండల్లో రెండుసార్లు అకాల వాన కొట్టింది. ఒక శుక్రవారం చీపురు పట్టుకుని పోతే పెద్దమ్మ గడప పక్కన చిన్న జిల్లేడు మొలక కనిపించింది. పైకి చూస్తే మిద్దె అంచు పొడుగునా పచ్చగా గడ్డి, గాలికి అటూ ఇటూ ఊగుతూ. చీపురు పక్కన పెట్టి ఫోన్ తీశాను. నా జబ్బు కథ అక్కడ మొదలు కాలేదు, నేను మాత్రం ఎప్పుడు తలుచుకున్నా అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆ ఫొటో మీద వారం రోజులు పని చేశాను. మిద్దె చీల్చుకుని పైకి లేచిన రావిచెట్టు గీశాను. తాళంకప్పలోంచి దూరిన తీగ, గోడ పగుళ్లు, కిటికీలో గుడ్లగూబ గీశాను. జిల్లేడును మనిషెత్తు చేశాను. గడ్డిని మాత్రం ముట్టుకోలేదు. అంత అందంగా నేను గీయలేను. బొమ్మ పెట్టిన రెండో రోజే దూరపు పట్నం వాళ్లెవరో, ఇలాంటివే ఇంకో అయిదు కావాలి, గోడలకు పెట్టి జనానికి చూపిస్తాం అన్నారు. వానలు పడితే గడ్డి ఇంకా ఏపుగా పెరుగుతుంది, అప్పుడు మళ్లీ ఫొటోలు తీద్దామని నా ఆలోచన.

మిరుగానికి వారం ముందు శ్రీను అడిగాడు. "మిద్దె మీది గడ్డి పీకాల్నా? ట్రాక్టరాయనకు మన్ను గురించి జెప్త."

"ఇంకో వారం ఆగు" అన్నాను. నేనన్న మాటే ఇది.

ఆ మర్నాడే పూనా నుంచి ఫోన్ వచ్చింది. పెద్దమ్మకు ఎవరి ఫోన్‌లోనో బొమ్మ కనిపించింది. అరవలేదు, తిట్టలేదు.

"నా ఇల్లేనా బిడ్డా గది?"

"ఉత్త బొమ్మ పెద్దమ్మా. కంప్యూటర్‌ల గీసిన."

"చెట్టు గీసినవు, సరె. మిద్దె మీది గడ్డి గూడ గీసిందేనా?"

"గీసిందే" అన్నాను.

"మంచిది బిడ్డా" అని పెట్టేసింది.

పది రోజులకు పాదాల్లో తిమ్మిర్లు మొదలయ్యాయి. మధ్యలో మూడు రోజులు జ్వరం, విరేచనాలు వచ్చి తగ్గాయి, ఎవరికి రావు. మొదటిరోజు చెప్పులు జారిపోతుంటే నవ్వుకున్నాను. రెండోరోజు మెట్టెక్కలేకపోయాను, నీరసమన్నారు, ఒక సూది వేశారు. మూడోరోజు శ్రీను నన్ను ఎత్తుకుని ఆటోలో కూర్చోబెట్టి పాలమూరు దవాఖానకు తీసుకుపోయాడు, మా అత్తగారూ వెంట వచ్చింది. అప్పటికి మోకాళ్లు నావి కావు. గిల్లితే తెలుస్తుంది, లేపితే లేవవు.

దవాఖాన బయట బల్ల మీద పొద్దున పది నుంచి నాలుగింటి దాకా కూర్చున్నాం. నా పక్కన నారాయణపేట నుంచి వచ్చిన ఒకావిడ భర్త కోసం కూర్చుని ఉంది. నేను పక్కకు ఒరిగిపోతుంటే భుజం ఆనించి, "ఒరుగు బిడ్డా, నేనేడికి పోతలేను" అంది. ఆవిడ పేరు కూడా అడగలేదు నేను. ఆ భుజం మీద ఉండగానే మా అత్తగారు కొడుకును పట్టుకుని అందరి ముందూ అడిగేసింది.

"గా పాడు బొమ్మలు తీసెయ్యిరా. ఎల్లమ్మ ఉసురు ఊకె పోతదారా? మంది కొంపల జిల్లేళ్లు మొలిపిస్తె మన కొంప మంచిగుంటదా?"

"అమ్మా, జబ్బుకు బొమ్మకు ఏం సంబంధమే. జర ఊకో."

"నీకు తెల్వదు. నువ్వు తీస్తవా, కంప్యూటర్ నేను బాయిల పడెయ్యాల్నా?"

నాకు ఆమె మీద కోపం రాలేదు. ఆమె చెప్పింది నిజమేమోనన్న భయం వచ్చింది. అదే నన్ను పట్టి తిన్నది. డిగ్రీ చదివాను, దిష్టి తీస్తే నవ్వేదాన్ని, ఇప్పుడు బల్ల మీద కూర్చుని చచ్చిన కాళ్ల వంక చూసుకుంటూ, ఫోన్ చేసి గడ్డి గీసింది కాదు పెద్దమ్మా అని చెప్పేస్తే కాళ్లు లేస్తాయేమోనని లెక్కలు కడుతున్నాను. చెప్పలేదు. శ్రీనుకు కూడా గడ్డి సంగతి గుర్తు చేయలేదు. రేపు చెబుదాం అనుకున్నాను.

రేపటికి చేతులు పోయాయి. ఆ మర్నాడు మింగడం పోయింది. తర్వాత ఊపిరి అందక, నీళ్లలో పడ్డవాళ్లు కొట్టుకున్నట్టు కొట్టుకుందామంటే కొట్టుకోవడానికి ఒంట్లో ఏదీ కదల్లేదు. గొంతులో గొట్టం పెట్టారు. జబ్బు పేరు ఇద్దరు విదేశీ డాక్టర్ల పేర్లు కలిపిందట. ఒంటిని కాపాడాల్సిందే పొరపాటున నరాల మీద పడుతుందట, చాలామంది లేస్తారట. "చాలామంది" అన్న మాట పట్టుకుని వేలాడాను. మిగతావాళ్ల సంగతి అడగడానికి నోరు లేదు.

ఆ మూడు వారాల గురించి ఎంత చెప్పినా తక్కువే. అందరూ నేను స్పృహలో లేనట్టు నా మీదుగా మాట్లాడుకునేవాళ్లు. ముక్కు మీద ఈగ వాలితే అది ఎగిరిపోయేదాకా ఏడ్చేదాన్ని. చచ్చిపోతే బాగుండునని రోజుకు ఎన్నిసార్లు అనుకున్నానో. అనుకుని, మా అమ్మ దగ్గర వదిలొచ్చిన నా చిన్నబిడ్డ గుర్తొచ్చి, వద్దులే అనుకునేదాన్ని. ఊడ్చే ఆయమ్మ ఒకామె మాత్రం పని అయ్యాక నా తల దువ్వి, జడ వేసి, ఊళ్లో సంగతులు చెప్పేది. నేను వింటున్నానని ఆమెకు ఎట్లా తెలిసిందో.

"మూడొద్దుల సంది ముసురు వట్టింది బిడ్డా. సందు లేకుంట కొడ్తాంది. మీ కోస్గి దిక్కు ఇంకా ఎక్కువున్నదట" అంది ఒకరోజు.

అప్పుడు గుర్తొచ్చింది. మిద్దె మీద గడ్డి. మన్ను పోయలేదు. నేనే వద్దన్నాను.

ముసురు ఆగలేదు. కిటికీ అద్దం మీద నీళ్లు కారడం నాకు కంటి కొసన కనిపించేది. ఒక్కో చుక్కా గడ్డి వేరు పట్టుకుని మట్టిలోకి దిగి, మట్టిలోంచి వాసాల మీదికి, వాసాల నుంచి పెదనాయన ఎత్తిన దూలాల మీదికి పోవడం నేను అక్కడ పడుకుని చూశాను. గడ్డి పీకండి అని రెండు మాటలు. ప్రపంచంలో నాకు ఇంకేమీ వద్దు, ఆ రెండు మాటలు ఎవరికైనా చేరితే చాలు. ఒక్కసారి చెయ్యి లేస్తే నేనే పాకుతూ పోయి పీకుతాను, ఆ జిల్లేడు కూడా పీకుతాను అని మొక్కుకున్నాను. కనిపించిన ప్రతి మనిషి వంకా కళ్లు పెద్దవి చేసి చూశాను. నొప్పి అనుకుని మత్తుమందు ఇచ్చారు.

శ్రీనుకు రోజుకు పది నిమిషాలు లోపలికి వచ్చే వీలుండేది. నేనేదో చెప్పాలనుకుంటున్నానని అతనికి అర్థమైంది. మర్నాడు చంకలో చుట్ట పెట్టుకుని వచ్చాడు. విప్పితే ఫ్లెక్సీ. దుకాణం తెరిచి, తనే కూర్చుని, అక్షరాలన్నీ గుణింతాలతో సహా పెద్దగా కొట్టి, మిషన్ మీద తీసుకొచ్చాడు. వెనక పెళ్లి ఫ్లెక్సీలకు వేసే గులాబీలు అలాగే వదిలేశాడు. వరసలు వంకర పోయాయి. ఆ స్థితిలో కూడా నాకు ముందు కనిపించింది అక్షరాల మధ్య ఖాళీ సరిగ్గా లేకపోవడమే. అతను ఒక్కో అక్షరం మీద వేలు పెడుతూ పోతే నేను కన్ను ఆర్పాలి.

రెండు రోజులు పట్టింది. "ఎల్లమ్మ మిద్దె గడ్డి పీకు."

శ్రీను చదివి ఫ్లెక్సీ మెల్లగా చుట్టాడు. నా నుదురు మీద చెయ్యి పెట్టాడు.

"పీకిచ్చిన. మన్ను గూడ పోయించిన. నువ్వు ఫికర్ జెయ్యకు."

నేను ఆ రోజు ఎన్నో రోజుల తర్వాత నిద్రపోయాను. తర్వాతి వారం ఎడమచేతి బొటనవేలు కదిలింది. ఇంకో పది రోజులకు గొట్టం తీశారు. డాక్టరుగారు మందులే పని చేశాయన్నారు, నిజమే అయి ఉంటుంది. నేను మాత్రం గడ్డి పీకారు కాబట్టే లేచానని మనసులో గట్టిగా నమ్మాను. ఫిజియోథెరపీ అమ్మాయి నా వేళ్లు ఒక్కొక్కటే వంచుతూ, "బాగయినంక ఏం జేస్తవక్కా మొదలు?" అంటే, "మా పెద్దమ్మ వాకిట్ల ముగ్గేస్త" అన్నాను.

బోనాలు అయిపోయిన చాలా రోజులకు ఇంటికి తెచ్చారు. ఆటో మా సందులోకి తిరిగింది. పెద్దమ్మ ఇల్లు ఉండాల్సిన చోట ఆకాశం కనిపించింది.

ముందు గోడ నడుమెత్తున నిలబడి ఉంది. మిగతాదంతా రాళ్లు, మట్టి, విరిగిన దూలాలు. మట్టికుప్ప మీద గడ్డి, నేను కోరుకున్నంత ఏపుగా. గడప పక్కన జిల్లేడు పూత పట్టింది.

"ఎప్పుడు?" అన్నాను.

"నువ్వు కండ్లతోని చెప్పినవు సూడు, దానికి రెండొద్దుల ముందు" అన్నాడు శ్రీను. నా వంక చూడలేదు. "ఏం జెప్పాలె మరి నీకు?"

ఇంకొక సంగతి తర్వాత తెలిసింది. నన్ను దవాఖానలో చేర్చిన మర్నాటి నుంచీ మా అత్తగారు ఎవరికీ చెప్పకుండా రోజూ పెద్దమ్మ వాకిలి ఊడ్చి సాన్పు చల్లుతోంది. జిల్లేడు పీకడానికి మాత్రం భయపడింది, మొలిపించినవాళ్లే పీకాలని ఆమె నమ్మకం. మిద్దె కూలిన పొద్దున ఆమె అక్కడ ఊడ్చి, చీపురు పట్టుకుని మా గుమ్మం ఎక్కి ఎంతోసేపు కాలేదట, ఇంకాస్త ఆలస్యమైతే ఆ రాళ్ల కింద ఉండేది. ఆ మాట చెప్పినప్పుడు ఆమె గొంతులో కోపం కూడా లేదు. కోపం ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది.

ఒకరోజు అందరూ పనుల్లో ఉండగా వాకర్ పట్టుకుని పక్కింటి వాకిట్లోకి పోయాను. ఆ ఇరవై అడుగులకు ఎంతసేపు పట్టిందో. గడప దగ్గర కూలబడి ఎడమచెయ్యి పడిపోకుండా నేలకు ఆనించి, జిల్లేడు మొదలు కుడిచేత్తో పట్టుకున్నాను. వేళ్లు దాని చుట్టూ తిరిగాయి, బిగుసుకోలేదు. లాగితే జారాయి. మళ్లీ పట్టుకున్నాను, మళ్లీ జారాయి. పాలు కారి చెయ్యంతా జిగురైంది. పళ్లతో పీకుదామని కూడా వంగాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను. మా అత్తగారు వచ్చి వెనక నుంచి చంకల కింద చేతులు పెట్టి లేపింది.

"లే బిడ్డా. ఉండనియ్యి. కూలిన కొంపల అదుంటేంది, లేకుంటేంది."

పెళ్లయి వచ్చినకాడి నుంచి ఆమె నన్ను బిడ్డా అనడం అదే మొదలు. నేను ఆమె భుజం మీద పడి ఏడ్చాను.

బతుకమ్మ పండుగకు ముందు ఎల్లమ్మ పెద్దమ్మ వచ్చింది, ఒక్కతే. పెదనాయన మోకాళ్లు పనిచేయక పూనాలోనే ఉండిపోయాడు. ఆమె బస్సు దిగి నేరుగా తన ఇంటి ముందుకు పోయి, సంచి కింద పెట్టి నిలబడింది. నేను మా కిటికీలోంచి చూస్తున్నాను. ఏడుస్తుందనుకున్నాను, శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. రెండూ చేయలేదు. రాళ్ల మధ్య వెతికి ఒక ఇత్తడి చెంబు తీసింది, కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది. వంగి జిల్లేడును ఒక్క గుంజుడుకు పీకి అవతల పారేసింది. తర్వాత మా ఇంటికి వచ్చింది.

నన్ను చూసి, "గింతయితివా బిడ్డా" అని నా కుడిచెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. వేళ్లు ఒక్కొక్కటే పట్టి చూసింది. సిమెంటు మోసీ మోసీ ఆమె అరచెయ్యి రాయిలా ఉంది. నేను తల దించుకున్నాను.

"నీ దగ్గర నా ఇల్లు ఫోటువ ఉండెగదా" అంది. "మీ పెదనాయన సూస్త అంటుండు. మా దగ్గర ఒక్కటి గూడ లేదు. ఉన్న ఇంటికి ఫోటువ ఎందుకని దిగలె."

శ్రీను నన్ను దుకాణానికి నడిపించాడు. పెద్దమ్మ నా పక్కన కుర్చీలో కూర్చుంది. నెలల తర్వాత ఆ బొమ్మ తెరిచాను. మిద్దె చీల్చుకుని లేచిన రావిచెట్టు, మనిషెత్తు జిల్లేడు. ఆమె కళ్లు పక్కకు తిప్పుకుంది.

"ఆగు పెద్దమ్మా, తీసేస్త" అన్నాను.

కంప్యూటర్‌లో ఇట్లాంటి బొమ్మ పొరలు పొరలుగా ఉంటుంది. గీసింది ఒక్కొక్కటి ఒక్కో పొర, అన్నింటికన్నా కింద అసలు ఫొటో. ఏ పొరను మూసినా అది మాయమవుతుంది. మౌస్ మీద కుడిచెయ్యి పెట్టాను. ఎడమచేత్తో పట్టుకోవచ్చు, పట్టుకోలేదు. వణికే వేలితో రావిచెట్టు మూశాను. చెట్టు పోయింది, మిద్దె అతుక్కుంది. తీగ మూశాను, తాళంకప్ప కనిపించింది. పగుళ్లు పోయాయి. గుడ్లగూబ పోయింది, కిటికీలో పెదనాయన పాత గొడుగు కనిపించింది. మనిషెత్తు జిల్లేడు పోయి చిన్న మొలక మిగిలింది. పెద్దమ్మ ఒక్కోదానికి ఊపిరి వదులుతూ ముందుకు జరిగి చూస్తోంది.

మూయడానికి ఇంకేమీ మిగల్లేదు. ఇల్లు నిలబడి ఉంది. మిద్దె అంచు పొడుగునా గడ్డి ఉంది.

"గడ్డి పోతలేదేంది?" అంది.

నోట్లో గొట్టం ఉన్నప్పుడు ఈ మాట కోసం ఎంత గింజుకున్నానో, ఇప్పుడు నోరు ఉండి అంత కష్టమైంది.

"గది గీసింది కాదు పెద్దమ్మా. ఆనాడు నీకు అబద్ధం జెప్పిన. గడ్డి నిజంగనే ఉండె. పీకుతమంటె నేనే వద్దన్న. బొమ్మకు మంచిగున్నదని."

శ్రీను మిషన్ దగ్గర అట్లాగే నిలబడిపోయాడు. పెద్దమ్మ తెర వైపే చూస్తోంది.

"నాకు ఎర్కనే" అంది. "నలభై ఏండ్లు గా గడ్డి పీకిన. గీసిన గడ్డేదో, మొలిచిన గడ్డేదో నాకు తెల్వదా? ట్రాక్టరాయనకు నేనైన ఫోన్ జెయ్యాలె ఆనాడు. నీ మీద కోపానికి చెయ్యలె."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"గిట్లనే అచ్చుగొట్టియ్యి."

"గడ్డి చెరిపేస్త పెద్దమ్మా. రెండొద్దులు టైమియ్యి, తెల్వకుంట చేస్త."

"వద్దు. ఉండనియ్యి. మిద్దె నిలవడ్డది గద అండ్ల."

శ్రీను మిషన్ మీద బట్ట తీసి కొత్త ఫ్లెక్సీ చుట్ట ఎక్కించాడు. అచ్చు వెయ్యడానికి, పొరలు మూసీ మూసీ అలిసిపోయిన వేలు మళ్లీ మౌస్ బటన్ మీద పెట్టాను. నొక్కాను, దిగలేదు. మళ్లీ నొక్కాను. పెద్దమ్మ కాసేపు చూసి, తన రాయిలాంటి వేలు నా వేలి మీద పెట్టి నొక్కింది.